పచ్చ అంటే ఏ పచ్చ?

మా ఇంటికి టీవీ 1985 సెప్టెంబరు 14న వచ్చింది. పిట్ట నవంబరు 3న వచ్చింది. మధ్యలో సరిగ్గా యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో మా ఆయన ఇంట్లోకంటే మేడ మీదే ఎక్కువ కాలం గడిపారు.

అప్పటికి ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరై ఏడాదిన్నర. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా ఇల్లు చీరాలలో పర్చూరు వెళ్ళే రోడ్డు చివర ఉండేది. మా తర్వాత నాలుగిళ్ళు దాటితే పత్తిచేలే. టీవీ బొమ్మ బెజవాడ నుంచి రావాలి. అది ఎంత కష్టపడి వచ్చేదో గానీ, వచ్చేసరికి దాని మీద ఎవరో గిద్దెడు నువ్వులు చల్లినట్టు ఉండేది. వార్తలు చదివే అమ్మాయి ముఖం ఎలా ఉంటుందో మాకు రెండు నెలల దాకా తెలియలేదు. చీర అంచు మాత్రం తెలిసింది.

మా ఆయన దీనికి కారణం కనిపెట్టారు. వంటింటి పక్కన ఉన్న కానుగ చెట్టు.

"సిగ్నలు అక్కడి దాకా వచ్చి ఆగిపోతోంది. స్టేషను బయట అవుటర్లో బండి ఆగినట్టే," అన్నారు. "ఆ చెట్టు కొట్టిస్తే బెజవాడ మన హాల్లో ఉంటుంది."

"బెజవాడ హాల్లోకి వస్తే నేను వంటింట్లో వేగిపోతాను," అన్నాను.

"ఫ్యాను పెట్టిస్తాను."

"గ్యాసు పొయ్యి మీదకా?"

నా మాటకు ఆధారం ఉంది. అంతకుముందు వేసవి సెలవుల్లో స్కూల్లో సైన్సు గది థర్మామీటరు అడిగి తెచ్చుకుని పన్నెండు రోజులు రాశాను. మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఉన్న వేడికీ వంటింట్లో ఉన్న వేడికీ ప్రతిరోజూ నాలుగు డిగ్రీలకు తక్కువ కాకుండా తేడా ఉంది, వంటింట్లోనే చల్లన. ఆ నాలుగు డిగ్రీలూ కానుగ చెట్టువి. చెట్టు పోతే ముందు ఉడికేది నేను, తర్వాతే పప్పు. ఆ కాగితం ఆయనకు చూపిస్తే, "నువ్వు రాసుకున్న లెక్కకు నువ్వే మార్కులేసుకుంటే ఎట్లా?" అన్నారు.

ఇలా ఉండగా నవంబరు 3, ఆదివారం, చర్చి నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే ఆ పిట్ట కనిపించింది. కానుగ చెట్టులో కింది కొమ్మ మీద నిటారుగా కూర్చుంది. గుప్పిట్లో పడితే తోక మాత్రం బయట ఉండేంత. తల బూడిద రంగు, తల మీద ఈకలు కాస్త నిక్కి ఉన్నాయి. కూర్చున్నచోట నుంచి గాలిలోకి గంతు వేసి, ఏదో పురుగును నోట కరుచుకుని, తిరిగి అదే కొమ్మ మీదకు వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. పది నిమిషాల్లో ముప్ఫై ఏడు సార్లు. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టి చేలల్లో రోజూ మందు కొడుతున్నారు. చేలో ఉండలేని పురుగులన్నీ మా చెట్టులో కాపురం పెట్టినట్టున్నాయి. మధ్యమధ్య "చిక్" అని ఒకటి కొట్టి, తర్వాత గబగబా ఏదో వాయించేది. ఆ శరీరానికి ఆ గొంతు చాలా ఎక్కువ.

యాభై మూడేళ్ళు ఈ జిల్లాల్లోనే బతికాను. పిచ్చుకలు, జీనువాయులు, గోరింకలు, పాలపిట్టలు, అన్నీ తెలుసు. ఇది తెలియదు.

"కొత్త పిట్ట వచ్చింది. ఎక్కణ్ణుంచో వచ్చినట్టుంది. అదేమిటో తేలేదాకా చెట్టు జోలికి వెళ్ళొద్దు," అని మా ఆయనతో అన్నాను.

ఆయన మేడ మీద నుంచే తొంగి చూశారు. "పిచ్చుక. దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాల మీద దొర్లి వచ్చుంటుంది."

"పిచ్చుక నిటారుగా కూర్చోదు."

"పసుపు ఆరబెట్టుకుంటోందేమో."

ఆ వారమంతా వాదించుకున్నాక ఆయనే ఒక ఒప్పందానికి వచ్చారు. అది ఎక్కడి కొండల్లోంచో వచ్చిన పిట్ట అయితే చెట్టు ఉంటుంది. ఇక్కడి పిట్ట అయితే క్రిస్మసు లోపల కొట్టిస్తారు, ఎందుకంటే క్రిస్మసు రోజు కార్యక్రమాలు నువ్వులు లేకుండా చూడాలి. నా మాట చెల్లదు, ఆయన మాట చెల్లదు. తెలిసినవాళ్ళెవరైనా కాగితం మీద రాసివ్వాలి. కాగితం లేనిదే ఏ బండీ కదలకూడదని ముప్ఫై నాలుగేళ్ళు నమ్మిన మనిషి. చెట్లు కొట్టే అతన్ని డిసెంబరు 16, సోమవారానికి మాట్లాడి వచ్చారు కూడా.

మా స్కూలు సైన్సు టీచరుకు గుంటూరు కాలేజీలో జువాలజీ చెప్పే లెక్చరరు ఒకాయన తెలుసు. పిట్టల మీద ఆసక్తి ఉన్న మనిషనీ, ఉత్తరం రాస్తే జవాబిస్తాడనీ చెప్పింది. నవంబరు 18న జోడు కార్డు కొని రాశాను. జోడు కార్డు అంటే రెండో సగం మీద జవాబు రాసి పంపేది. నేను రాసింది ఇదీ: "పిట్ట పొడవు సుమారు అయిదు అంగుళాలు. తల బూడిద రంగు. ఒళ్ళు పచ్చ. ఒకే చోట కూర్చుని గాలిలో ఎగిరే పురుగులను పట్టి తిని మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇది ఏ పిట్టో దయచేసి తెలుపగలరు." చదువుకుని చూసుకున్నాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు అనుకున్నాను.

జవాబు 27న వచ్చింది. "అమ్మా, నమస్కారం. మీరు చూసినది ఎక్కడైనా కనపడే ఆకుపచ్చ పిట్ట, తేనెటీగలను పట్టి తినేది. కరెంటు తీగల మీద వరసగా కూర్చుని ఇలాగే గాలిలోకి ఎగిరి పురుగులను పడుతుంది. తల బూడిద రంగుగా కనపడటం నీడ వల్ల కావచ్చు. మీ వీధిలోనే గమనించండి."

మా ఆయన ఆ కార్డు మూడుసార్లు చదివారు. మూడోసారి పైకి చదివారు. తర్వాత చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళి తీగలు చూసి వచ్చారు.

"పద్నాలుగు," అన్నారు. "మన స్తంభం నుంచి రైసు మిల్లు దాకా."

"అవి నాకు తెలియవా? అది వేరు, ఇది వేరు."

"నువ్వడిగావు, ఆయన రాశాడు, కాగితం వచ్చింది. ఇంకేం కావాలి?" అని గొడ్డలి పట్టుకున్నట్టే చెయ్యి ఆడించారు.

నేను ఆ కార్డు పట్టుకుని రోడ్డు దాటాను. ఎదురిల్లు నేతపనివాళ్ళది. ముందుగదిలో మగ్గం, అరుగు మీద రాట్నం. ఆ ఇంటావిడ మగ్గానికి కావలసిన దారం అరుగు మీద కూర్చుని కండెలకు చుట్టేది. నన్ను వదినగారూ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. కార్డు చదివి వినిపించాను. రాట్నం ఆపకుండా విన్నది.

"ఆయన సంగతి సరే గానీ, మీరేం రాశారు?"

"తల బూడిద రంగు, ఒళ్ళు పచ్చ అని రాశాను."

రాట్నం ఆగింది. "పచ్చ అంటే ఏ పచ్చ?"

"పచ్చ అంటే పచ్చే. ఎదురుగా ఉంది కదా, మీరూ చూశారు కదా."

"నేను చూశాను వదినగారూ, ఆయన చూళ్ళేదుగా. చెట్టూ పచ్చగానే ఉంటది, కామెర్లు వచ్చినోడి కళ్ళూ పచ్చగానే ఉంటయ్యి. ఆయనేమనుకుంటాడు పాపం? మొన్న షావుకారు 'పచ్చచీరకి పచ్చంచు' అని చీటీ రాసి పంపితే మా ఆయన మూడు రోజులు మగ్గం ఆపేసి కూర్చున్నాడు."

నేను ఆ అరుగు మీదే కూలబడ్డాను. పిట్ట పొట్ట పసుపు రంగు. వీపు ఆకుపచ్చలో కలిసిన పసుపు. రెండింటికీ కలిపి 'పచ్చ' అని ఒక్క మాట రాసి సరిపెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా, జవాబు సరిగా ఉన్నా పక్కన మీటర్లో సెంటీమీటర్లో రాయని పిల్లలకు అర మార్కు కోస్తున్నాను. "పన్నెండు అంటే పన్నెండు ఏమిటి? పన్నెండు గాడిదలా?" అని అడుగుతాను. ఒక ఏడు ఒక పిల్లకు ఆ అర మార్కు వల్లే ఫస్టు క్లాసు పోయింది. ఆ పిల్ల ఇక్కడ లేకపోవడం నా అదృష్టం.

"మళ్ళీ రాస్తాను. నిమ్మపండు పసుపు అని రాస్తాను," అన్నాను.

"ఏ నిమ్మపండు? పచ్చిదా, పండిందా?" అంది వదినగారు. "మాటలు పంపితే ఇంతే. మేము రంగుకి మాట పంపం, దారం పంపుతాం. దారం చూసి దారం అద్దుతారు. మీరూ దారమే పంపండి."

అలా డిసెంబరు 1, ఆదివారం సాయంత్రం, వదినగారు తమ ఇంట్లో మిగిలిన రంగు దారాల ముక్కలన్నీ చేటలో పోసుకుని మా పెరట్లోకి వచ్చింది. ఇద్దరం కానుగ చెట్టుకు కొంచెం దూరంలో పీటలు వేసుకున్నాం. చేటలో ముప్ఫైకి పైగా రంగులున్నాయి. పిట్ట మాత్రం ఒక చోట మూడు సెకన్లు ఉంటే గొప్ప.

"పొట్ట ఇది," అని నేను ఒక దారం తీశాను.

"అది చామంతి వదినగారూ. చామంతిలో ఎరుపు కలుస్తది. పిట్టలో ఎరుపు ఏది? ఇదిగో, ఇది నిమ్మ."

"వీపో?"

"వీపు పెసర. పెసరలో కాస్త మెంతి. ఉండండి, అది తిరగనీండి."

ఈ సమయంలో మా ఆయన మేడ మీద యాంటెన్నా గొట్టం పట్టుకుని ఉన్నారు. సాయంత్రం హిందీ సినిమా ఉంది. మా ఆయనకు వచ్చిన హిందీ అంతా గూడ్సు బండి హిందీ, అయినా ఆదివారం సినిమా వదలరు. రోజూ నేను హాల్లో టీవీ ముందు నిలబడి, ఆయన అటూ ఇటూ తిప్పుతుంటే వచ్చిందీ లేనిదీ కేకేసి చెప్పేదాన్ని. ఆ రోజు కూడా నేను హాల్లోనే ఉన్నాననుకున్నారు.

"వచ్చిందా?" అని పైనుంచి కేక.

అప్పుడే పిట్ట వాలింది. "వచ్చింది," అంది వదినగారు, దాని మీద నుంచి చూపు తిప్పకుండా.

"బాగా వచ్చిందా?"

"శుభ్రంగా వచ్చింది అన్నయ్యగారూ. మీరు మాత్రం కదలొద్దు."

వదినగారు కూడా నాతో టీవీ ముందే ఉందనుకుని ఆయన కదల్లేదు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మేము పనిలో ఉన్నాం.

"తల కనపడుతోందా?" అని మళ్ళీ అడిగారు.

"తల, మెడ, రొమ్ము, అన్నీ కనపడుతున్నయ్యి. రొమ్ము దాకా బూడిద రంగే," అంది వదినగారు.

"బ్లాక్ అండ్ వైటు కదమ్మా, బూడిద రంగే ఉంటుంది. నువ్వులు ఉన్నాయా?"

వదినగారు నా వైపు చూసింది. "నువ్వులంట. పిట్ట మీద చుక్కలున్నయ్యా?"

"చుక్కల్లేవు," అన్నాను.

"చుక్కల్లేవు అన్నయ్యగారూ. నున్నగా ఉంది."

రెండున్నర నెలల్లో ఆయన వినని మాట అది. మేము బూడిదలో మూడు దారాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటున్నాం. పిట్ట కొమ్మ మార్చి పొట్ట మా వైపు తిప్పింది.

"పొట్ట పసుపు, ఖాయం. నిమ్మపండే," అంది వదినగారు గట్టిగా.

"ఏంటీ?" అన్నారు పైనుంచి. "పసుపు కనపడుతోందా?"

"మంచి పసుపు అన్నయ్యగారూ."

పదకొండు నిమిషాలు గొట్టం పట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషి, బ్లాక్ అండ్ వైటు టీవీలో పసుపు రంగు వచ్చిందనేసరికి ఆగలేక గొట్టం వదిలేసి దడదడా మెట్లు దిగారు. పిట్ట ఎగిరిపోయింది. ఆయన హాల్లోకి వెళ్ళి, నువ్వుల వాన చూసి, పెరట్లోకి వచ్చి, చేటా దారాలూ మా ఇద్దరినీ చూశారు.

"ఇంతసేపూ మీరు చెప్పింది పిట్ట గురించా?"

"మీరు అడిగింది దేని గురించి అన్నయ్యగారూ?" అంది వదినగారు.



మర్నాడు తెల్ల అట్టముక్క మీద అయిదు దారాలు సూదితో కుట్టాను. ఒకటి: తల, మెడ, రొమ్ము. రెండు: వీపు. మూడు: రెక్క అంచు. నాలుగు: పొట్ట. అయిదు: తోక కింద. ఒక్కొక్క దారం అంగుళం పొడవు. పొడవుకు కొలతగా కానుగ ఆకు ఒకటి కూడా పెట్టి, పిట్ట దీనికంటే అంగుళం ఎక్కువ అని రాశాను. 'పచ్చ' అన్న మాట ఉత్తరంలో ఎక్కడా లేకుండా చూసుకున్నాను. కవరులో పెట్టి డిసెంబరు 2 మధ్యాహ్నం డబ్బాలో వేశాను.

వారం గడిచింది. పదో తారీఖు, పన్నెండు, పద్నాలుగు. జవాబు లేదు. "పదహారంటే పదహారే," అన్నారు మా ఆయన. "రైటు టైము."

పదహారో తారీఖు సోమవారం ఉదయం ఎనిమిదింటికి చెట్లు కొట్టే అతను గొడ్డలి, మోకు తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను స్కూలుకు అరపూట సెలవు చీటీ పంపాను. మా వీధికి పోస్టుమాను వచ్చేది పదకొండున్నరకు. అంటే మూడున్నర గంటలు.

"ఖాళీ కడుపుతో చెట్టెక్కకూడదు నాయనా, కూర్చో," అన్నాను.

"తినే వచ్చానమ్మగారూ."

"ఏం తిన్నావు?"

"సద్దన్నం."

"అదెంతలోకి?"

ఇడ్లీలు పెట్టాను. అతను కాదనే మనిషి కాదు. మొదటి వాయి అయ్యాక రెండో వాయికి ఆగమన్నాను. తర్వాత అల్లం పచ్చడి నూరుతానన్నాను. మా ఆయన వరండాలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటూ, "భోంచేస్తున్న మనిషిని లేపకూడదు గానీ, ఏరా, ఇంకా ఎన్ని?" అన్నారు. పద్నాలుగు ఇడ్లీలు, రెండు పెసరట్లు అయ్యాయి. పదకొండింటికి అతనే చేతులెత్తేశాడు. "అమ్మగారూ, ఇంక నేను చెట్టెక్కితే కొమ్మ విరుగుద్ది," అని కానుగ నీడలోనే కండువా పరుచుకుని పడుకున్నాడు.

పోస్టుమాను పదకొండూ నలభైకి వచ్చాడు. కవరు బరువుగా ఉంది. నేను తీసుకోబోతే మా ఆయన, "ఒప్పందం ఇద్దరిదీ," అని తనే చింపారు.

"అమ్మా, ముందు నా పొరపాటుకు మన్నించండి. మీ దారాలను మా కాలేజీ బీరువాలో ఉన్న పాత నమూనా పిట్ట పక్కన పెట్టి చూశాను. ఇది బూడిద తల ఈగపట్టు పిట్ట. ఇంగ్లీషులో గ్రే హెడెడ్ ఫ్లైక్యాచర్ అంటారు. హిమాలయాల అడవుల్లో గూడు కట్టుకుని, చలికాలానికి దక్షిణాన ఉన్న కొండ అడవులకు వస్తుంది. మార్చి దాటాక తిరిగి వెళ్తుంది. మైదానంలో, అదీ చీరాలలో, దిగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మీ రెండో దారం ఒక్కటే మా నమూనాతో కొద్దిగా తేడాగా ఉంది. మిగిలినవి సరిపోయాయి."

వదినగారు అప్పటికే రోడ్డు దాటి వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది. "రెండోది మా ఇంటి పెసర రంగు. ముప్ఫై ఏళ్ళ బట్టి అద్దిస్తున్నాం, వెలవదు," అంది. "వాళ్ళ పిట్టే వెలిసుంటది, చూసుకోమనండి."

మా ఆయన ఉత్తరాన్ని మడిచి, మళ్ళీ విప్పి, ఒక చోట వేలు పెట్టారు. "మార్చి దాటాక తిరిగి వెళ్తుంది."

"అయితే?"

"పిట్ట ఉన్నన్నాళ్ళు చెట్టు ఉంటుంది. ఒప్పుకున్నాను. పిట్ట వెళ్ళాక?" అని, నీడలో పడుకున్న మనిషిని లేపి, ఏప్రిల్లో రమ్మన్నారు.

ఒప్పందంలో చెట్టు ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పించుకోలేదు. 'పచ్చ' తర్వాత అది నా రెండో తప్పు. ఎవరినీ అనడానికి లేదు.

ఆ మూడు నెలలూ ఆయన పిట్టను చూడలేదని అన్నారు. కానీ ఫిబ్రవరిలో ఒకరోజు నేను, "ఇవాళ ఇంకా రాలేదు," అంటే, "ఏడూ పదికే వచ్చింది, నువ్వు లేవలేదు," అన్నారు. ఇంకోరోజు రైసు మిల్లు దగ్గర ఎవరితోనో, "హిమాలయాల నుంచి డైరెక్టుగా మా ఇంటికే," అని చెబుతుంటే వదినగారు విన్నది. గుంటూరు నుంచి ఆ లెక్చరరు జనవరిలో ఒక ఆదివారం బస్సులో వచ్చారు. పిట్టను ఆయనకు చూపించింది నేను కాదు. నేను కాఫీ కలిపేలోపు మా ఆయన ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు వెళ్తుందో చెయ్యి చాపి చూపిస్తున్నారు.

1986 మార్చి 19 సాయంత్రం అయిదింటి తర్వాత పిట్ట కనిపించలేదు. ఏప్రిల్ 7న చెట్లు కొట్టే అతను గొడ్డలితో వచ్చాడు. నేను వంటింటి కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఈసారి పెట్టడానికి పిండి లేదు, చూపించడానికి కాగితం లేదు.

"పిట్ట పోయిందిగా అయ్యగారూ, ఎక్కమంటారా?" అన్నాడు.

మా ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "పోయింది. మళ్ళీ చలికాలం రావాలిగా," అన్నారు. "బండి వెళ్ళిపోయిందని స్టేషను పీకేస్తారంట్రా?"

"మరి నన్నెందుకు రమ్మన్నారు?"

అతన్ని ఊరికే పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. నా ముందు పూర్తిగా తగ్గడానికీ ఒప్పలేదు. బెజవాడకూ యాంటెన్నాకూ సరిగ్గా మధ్యలో ఉన్న కొమ్మ ఒకటుందనీ, అది తీస్తే చాలుననీ అన్నారు. ఏది ఆ కొమ్మ అని నేను బయటకు వచ్చి అడిగాను. ఆయన ఒకటి చూపించారు. అది పిట్ట కూర్చునే కొమ్మ అన్నాను. ఇంకోటి చూపించారు. అది వంటింటి నీడ అన్నాను. గంటసేపు బేరమాడి చివరికి ఈశాన్యంలో మణికట్టంత లావున్న కొమ్మ ఒకటి ఒప్పుకున్నాం. అతను దాన్ని కిందనుంచే రెండు దెబ్బల్లో కొట్టి, మోకు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం టీవీ పెట్టాం. నాకేమీ తేడా కనపడలేదు. మా ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని చూసి, నువ్వులు సగానికి తగ్గాయన్నారు. లెక్కపెట్టి చెప్పమని నేను అడగలేదు.